కార్లు లేని జెర్మాట్‌లో స్కీయింగ్, భోజనాల సెలవు: ఎలా ఏర్పాటు చేసుకోవాలి

స్విట్జర్లాండ్‌లోని వాలే కాంటన్‌లో (కాంటన్ అంటే స్విస్ రాష్ట్రం), ఇటలీ సరిహద్దుకు దగ్గరగా, మాటర్‌హార్న్ శిఖరం కింద ఉన్న జెర్మాట్ గ్రామంలోకి పెట్రోలు, డీజిలు కార్లను రానివ్వరు. సముద్రమట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరికి 1891లోనే రైలు వచ్చింది. ఇప్పటికీ సందర్శకులు అక్కడికి ఎక్కువగా చేరేది రైలులోనే. ఊళ్లో తిరిగేవి చిన్న ఎలక్ట్రిక్ బళ్లు, ఎలక్ట్రిక్ బస్సులు, అప్పుడప్పుడు కనిపించే గుర్రపు బండి మాత్రమే. ఇలాంటి ఊళ్లో సెలవు గడపడానికి కావలసిన ఏర్పాట్లు మనకు అలవాటైన యాత్రల ఏర్పాట్లలా ఉండవు. ఒక చోట బస చేసి కారులో రోజుకొక ఊరు చుట్టి రావడం ఇక్కడ కుదరదు. తొలిసారి వెళ్లేవారికి నేను చెప్పేది ఇదే: ఉదయాన్ని స్కీయింగుకు, మధ్యాహ్నాన్ని కొండమీది భోజనానికి కేటాయించుకుని, బస, పాఠాలు, టికెట్లు అన్నీ ఈ రెండింటికి అనువుగా అమర్చుకోండి. రోజంతా మంచు మీదే గడపాలని బయలుదేరినవారికి మూడో నాటికల్లా తొడలు పట్టేస్తాయి, అంత ఖర్చు పెట్టి వచ్చామన్న బాధ ఒకటి దానికి తోడవుతుంది.

ముందుగా తేల్చుకోవలసినవి

జెర్మాట్ పేరు పెద్దదే కానీ, స్కీ కట్టుకోవడమే మొదటిసారి అయినవారికి ఇది అన్నిటికన్నా సులువైన చోటు కాదు. కొత్తవారు నేర్చుకునే చదునైన మైదానాలు ఊరి పక్కన ఉండవు. లిఫ్టు (కొండమీదికి మనుషులను మోసుకుపోయే కేబుల్ బండి లాంటిది) ఎక్కి పైకి వెళ్లాలి. పై నుంచి ఊళ్లోకి దిగే దారులు చాలావరకు మధ్యరకం కష్టం గలవి. అయినా ఇక్కడికే వెళ్లాలనుకుంటే అందుకు తగిన కారణాలున్నాయి. మంచు ఇక్కడ నమ్మకంగా ఉంటుంది, ఎందుకంటే స్కీ ప్రాంతం పైభాగం హిమానీనదం మీద 3,883 మీటర్ల వరకు విస్తరించి ఉంది. స్కీయింగ్ చేయని కుటుంబసభ్యులు కూడా రైళ్లలో, కేబుల్ కార్లలో అవే ఎత్తులకు చేరగలరు. ఇక భోజనం విషయంలో, కొండమీది రెస్టారెంట్లకు ఇంత పేరున్న స్కీ గ్రామాలు ఆల్ప్స్ మొత్తంలో బహు తక్కువ. కార్లు లేని ఊరే కావాలి, కానీ ఖర్చు, హడావిడి తగ్గాలి అనుకుంటే అదే వాలేలోని సాస్-ఫే, బెట్మెరాల్ప్, రీడెరాల్ప్‌లను, బెర్న్ ఎత్తైన ప్రాంతంలోని వెంగెన్, ముర్రెన్‌లను కూడా చూడండి. ఈ వ్యాసంలో చెప్పిన విషయాలు చాలావరకు అక్కడా వర్తిస్తాయి.

కాలం ఎంచుకోవడంలో మొహమాటపడకండి. క్రిస్మస్ నుంచి జనవరి మొదటి వారం దాకా, ఫిబ్రవరిలో యూరప్ పాఠశాలల సెలవుల్లో ధరలు, రద్దీ రెండూ తారస్థాయిలో ఉంటాయి. జనవరి రెండో సగంలో జనం తగ్గుతారు కానీ చలి తీవ్రం, పగలు తక్కువ. నా ఓటు మార్చికి: ఎండ ఎక్కువసేపు నిలుస్తుంది, మంచు ఇంకా బాగుంటుంది, ఆరుబయట బల్లల మీద భోజనం చేయవచ్చు. హిమానీనదం మీద ఏడాది పొడవునా స్కీయింగ్ సాగుతుంది గనుక వేసవిలోనూ వెళ్లవచ్చు కదా అని కొందరు అడుగుతారు. వేసవిలో తెరిచి ఉండేది పైనున్న కొద్దిభాగమే, అది శిక్షణ పొందే క్రీడాకారులకే ఎక్కువగా ఉపయోగం.

వీసా, బీమా

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి షెంజెన్ వీసా (స్విట్జర్లాండ్‌తో సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చేది) కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. పెద్దలకు రుసుము 90 యూరోలు. జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో నివాస అనుమతితో పనిచేస్తున్న తెలుగువారికి వేరే వీసా అక్కరలేదు కానీ, బ్రిటన్‌లో ఉంటూ భారత పాస్‌పోర్టు వాడుతున్నవారికి మాత్రం కావాలి. లండన్ నుంచి జెనీవా గంటన్నర దూరమే కదా అన్న ధీమాలో ఈ సంగతి మరిచిపోయేవారున్నారు.

వీసా కోసం చూపించే బీమాలో కనీసం 30,000 యూరోల వైద్య రక్షణ ఉండాలి. కానీ ఆ పత్రం వీసా అధికారికి సరిపోయినంత మాత్రాన మీకు సరిపోదు. సాధారణ ప్రయాణ బీమా పాలసీల్లో చాలావాటిలో శీతాకాల క్రీడలు మినహాయింపుల జాబితాలో ఉంటాయి. స్కీయింగులో మోకాలు మెలిపడితే శస్త్రచికిత్స దాకా పోవచ్చు. వాలు మీద నుంచి హెలికాప్టరులో తీసుకువచ్చినా దాని ఖర్చు మీదే. జెర్మాట్‌లో ఈ పని చేసే ఎయిర్ జెర్మాట్ సంస్థ 1968 నుంచి ఉంది, దాని హెలికాప్టర్లు మంచి వాతావరణం ఉన్న రోజుల్లో తరచుగా కనిపిస్తూనే ఉంటాయి. కనుక పాలసీలో స్కీయింగుకు, కొండమీది రక్షణ చర్యలకు ఖర్చు ఇస్తారని అక్షరాలా రాసి ఉందో లేదో చదివి, గుర్తించిన దారులకు బయట జరిగిన ప్రమాదాలను మినహాయించారో లేదో కూడా చూసి, అవసరమైతే అదనపు ప్రీమియం కట్టండి. వాలేలో అత్యవసర వైద్య సహాయానికి 144కు ఫోన్ చేయాలి.

చేరుకోవడం

హైదరాబాద్ నుంచి అయితే గల్ఫ్ నగరాల మీదుగా గానీ ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా గానీ జ్యూరిక్ చేరడం మామూలు పద్ధతి. జ్యూరిక్ విమానాశ్రయం కిందే రైల్వే స్టేషను ఉంది. అక్కడి నుంచి విస్ప్ దాకా పెద్ద రైలులో వెళ్లి, విస్ప్‌లో మాటర్‌హార్న్ గోట్‌హార్డ్ సంస్థ నడిపే చిన్న ఎర్ర రైలులోకి మారాలి. మొత్తం ప్రయాణం సుమారు మూడున్నర గంటలు, జెనీవా నుంచి అయితే నాలుగు గంటల దాకా. 2007లో 34.6 కిలోమీటర్ల లోట్ష్‌బెర్గ్ సొరంగం తెరిచాక జ్యూరిక్ వైపు నుంచి వచ్చేవారికి సమయం బాగా కలిసివచ్చింది. విస్ప్ దాటాక రైలు ఇరుకైన లోయలో, నిటారుగా ఉన్నచోట పళ్ల పట్టా (జారకుండా పళ్లచక్రం పట్టుకునే మధ్య పట్టా) పట్టుకుని, నెమ్మదిగా ఎక్కుతుంది. పెట్టెలు పెట్టుకునే చోటు తక్కువ గనుక ఒక్కొక్కరికి ఒక పెద్ద పెట్టె, ఒక వీపుసంచి మించకుండా చూసుకోండి.

యూరప్‌లోనే ఉంటూ సొంత కారులో వచ్చేవారు జెర్మాట్‌కు ఐదు కిలోమీటర్ల దిగువన ఉన్న టేష్‌లో ఆగిపోవాలి. అక్కడి స్టేషను భవనంలోనే 2,000కు పైగా కార్లు పట్టే పార్కింగ్ ఉంది. అక్కడి నుంచి సాధారణంగా 20 నిమిషాలకొకటి చొప్పున బయలుదేరే షటిల్ రైలు 12 నిమిషాల్లో జెర్మాట్ చేరుస్తుంది. స్టేషనులో దొరికే సామాను బండిని ఆ రైలులోకే తోసుకుంటూ తీసుకుపోవచ్చు. స్విస్ హైవేల మీద నడపడానికి 40 ఫ్రాంకుల వార్షిక చీటీ కొనాలని, చట్టం తప్పనిసరి చేయకపోయినా కారుకు శీతాకాలపు టైర్లు ఉండటమే మంచిదని గుర్తుంచుకోండి.

జెర్మాట్ స్టేషను బయటికి రాగానే ఆవరణలో హోటళ్ల పేర్లు రాసిన డబ్బాల్లాంటి ఎలక్ట్రిక్ బళ్లు వరుసగా నిలబడి ఉంటాయి. రైలు వేళ ముందే చెబితే చాలా హోటళ్లు తమ బండిని పంపుతాయి, లేకపోతే ఎలక్ట్రిక్ టాక్సీ ఎక్కవచ్చు. వీటికి చప్పుడు ఉండదు. కార్లు లేని ఊరు కదా అని పిల్లలను వీధి మధ్యలో వదిలేస్తే వెనక నుంచి బండి వచ్చేదాకా తెలియదు. హారన్ మోతతో పెరిగిన మన చెవులకు ఇది మరీ కొత్త.

బస: లిఫ్టుకు ఎంత దూరం?

హోటలు గది ఎంత పెద్దది, కిటికీలోంచి మాటర్‌హార్న్ కనిపిస్తుందా లేదా అన్నవాటికన్నా ముందు చూడవలసింది, స్కీ బూట్లు తొడుక్కుని లిఫ్టు దాకా ఎంత నడవాలన్నది. స్కీ బూటులో చీలమండ వంగదు. అందులో ఐదు నిమిషాల నడకే చాలా దూరం అనిపిస్తుంది, నేల మీద గడ్డకట్టిన మంచు ఉంటే మరీనూ. జెర్మాట్ నుంచి పైకి మూడు దారులున్నాయి. రైల్వే స్టేషనుకు ఎదురుగానే గోర్నర్‌గ్రాట్ పళ్లపట్టా రైలు బయలుదేరుతుంది. ఏటికి అవతల, స్టేషను నుంచి కొద్ది నిమిషాల నడకలో సున్నెగ్గాకు వెళ్లే భూగర్భ రైలు ఉంది. ఊరి దక్షిణపు కొసన, ఫురీ మీదుగా హిమానీనదం వైపు వెళ్లే గొండోలాల స్టేషను ఉంది. మీరు కొత్తవారైతే నేర్చుకునే మైదానం సున్నెగ్గాలో ఉంటుంది గనుక స్టేషనుకూ సున్నెగ్గా రైలుకూ మధ్య బస తీసుకోండి. స్కీయింగ్ వచ్చినవారికి దక్షిణపు కొస కూడా బాగుంటుంది.

కుటుంబంతో వెళుతున్నవారికి హోటలా, వంటగది ఉన్న ఫ్లాటా అన్న ప్రశ్న వస్తుంది. చాలా ఫ్లాట్లను శనివారం నుంచి శనివారానికి వారం లెక్కన అద్దెకిస్తారు. హోటళ్లలో ఉదయపు ఫలహారం, రాత్రి భోజనం కలిపి ఇచ్చే పద్ధతి ఉంది. దాన్ని హాల్ఫ్ బోర్డ్ అంటారు. ఖర్చు లెక్క తేలికవుతుంది కానీ రాత్రి భోజనంలో రోజుకొక వంటకాల వరుసను వాళ్లే నిర్ణయిస్తారు. శాకాహారం కావాలని బుకింగ్ నాడే రాతపూర్వకంగా చెప్పకపోతే ఉడికించిన కూరముక్కలతో సరిపెట్టుకోవలసి వస్తుంది. నా సలహా: రెండు పెద్ద భోజనాలు రోజూ ఎవరూ తినలేరు గనుక, మధ్యాహ్నం కొండమీద బాగా తిని, రాత్రి ఫ్లాటులో అన్నం, చారు వండుకోవడం కడుపుకూ జేబుకూ మంచిది.

వంట చేసుకునేవారికి కొన్ని సంగతులు. ఆ ఎత్తులో నీళ్లు సుమారు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కందిపప్పు మామూలు గిన్నెలో తొందరగా మెత్తబడదు. చిన్న ప్రెషర్ కుక్కరు తీసుకువెళ్లండి, అది ఇండక్షన్ పొయ్యి మీద పనిచేసే అడుగు ఉన్నదై ఉండాలి. భారత్ నుంచి వెళ్లేవారు నెయ్యి, పాలకోవా, మాంసపు పచ్చళ్లు వెంట తీసుకుపోకూడదు. యూరప్ బయటి దేశాల నుంచి పాల ఉత్పత్తులను, మాంసాన్ని ప్రయాణికులు తేవడాన్ని స్విట్జర్లాండ్ నిషేధించింది. పచ్చి కరివేపాకు, మిరపకాయల వంటి తాజా మొక్కల ఉత్పత్తులకు ధ్రువపత్రం కావాలి గనుక వాటినీ వదిలేయండి. కందిపొడి, ఎండబెట్టిన చారుపొడి, మూత గట్టిగా బిగించిన ఆవకాయ చాలు. బియ్యం, పెరుగు, కూరగాయలు స్టేషను దగ్గరి సూపర్ మార్కెట్లలోనే దొరుకుతాయి, వెన్న కొని నెయ్యి కాచుకోవచ్చు.

బట్టలు, పరికరాలు

తెలుగు సినిమా పాటల్లో కథానాయిక పలుచని చీరతో స్విట్జర్లాండ్ మంచులో నాట్యమాడటం చూసి పెరిగినవాళ్లం మనం. ఆ షాటు అయిపోగానే ఆమెకు దుప్పటి కప్పుతారన్నది తెర మీద కనిపించదు. ఒంటికి ఆనుకుని చెమటను పీల్చి బయటికి పంపే థర్మల్ దుస్తులు, వాటి మీద ఫ్లీస్ (వెచ్చని మెత్తటి బట్ట) చొక్కా, అన్నిటికన్నా పైన నీరు, గాలి చొరబడని జాకెట్టు, ప్యాంటు: ఈ మూడు పొరలు కావాలి. నూలు బనీను, జీన్సు వద్దు. అవి తడిసి ఆరవు, ఆ తడే చలిగా మారుతుంది. చేతి తొడుగులు నీటిని ఆపగలిగినవి కావాలి. కొత్తవారు పడి లేస్తూ చేతులు మంచులోనే పెడతారు. ఎండ గురించి మనవాళ్లు తేలికగా తీసుకుంటారు. ఎత్తున అతినీలలోహిత కిరణాల తీవ్రత ఎక్కువ, పైగా మంచు వాటిని కింద నుంచి కూడా ముఖం మీదికి కొడుతుంది. గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచుల దగ్గర కూడా సన్‌స్క్రీన్ రాసుకోండి. నల్ల కళ్లద్దాలు లేకుండా ఒక్క పూట కూడా గడపకండి.

స్కీలు, కర్రలు, బూట్లు, హెల్మెట్ అన్నీ అక్కడే అద్దెకు తీసుకోండి. ముందు రోజు సాయంత్రమే వెళ్లడం మంచిది, ఉదయం దుకాణాల్లో రద్దీ ఉంటుంది. బూటు ఎంపికకు తొందరపడవద్దు, ఈ సెలవులో సుఖదుఃఖాలు సగం దాని మీదే ఆధారపడి ఉంటాయి. ఒక్క జత పలుచని పొడుగు మేజోడు మాత్రమే వేసుకోండి. రెండు జతలు వేసుకుంటే వెచ్చగా ఉంటుందనుకోవడం పొరపాటు, మడతలు పడి రక్తప్రసరణ ఆగి కాలు ఇంకా చల్లబడుతుంది. మడమను వెనక్కి బాగా కొట్టి కూర్చోబెట్టి, బకిల్స్ కింది నుంచి పైకి బిగించాలి. నిటారుగా నిలబడినప్పుడు వేళ్లు ముందు గోడకు తగలాలి, మోకాళ్లు వంచి ముందుకు వాలినప్పుడు వెనక్కి జరిగి కాస్త ఖాళీ రావాలి. ముందుకు వాలినప్పుడు మడమ లేస్తుంటే బూటు పెద్దదైనట్టే, చిన్నది అడగండి. మీ బరువు, ఎత్తు, నైపుణ్యం అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. పడినప్పుడు స్కీ కాలి నుంచి ఎంత బలానికి ఊడిపోవాలో ఆ వివరాలను బట్టే బిగిస్తారు. బరువు తగ్గించి చెప్పినవారికి స్కీ ఊరికే ఊడుతుంది, నైపుణ్యం పెంచి చెప్పినవారికి ఊడవలసినప్పుడు ఊడదు.

నేర్చుకోవడం

యూట్యూబులో చూసి సొంతంగా ప్రయత్నించకండి, స్నేహితుడు నేర్పుతానన్నా ఒప్పుకోకండి. స్కీ స్కూలులో బృంద పాఠాలు సాధారణంగా వారం మొదట్లో మొదలై వరుసగా కొన్ని రోజులు సాగుతాయి. ప్రయాణం బుక్ చేసుకునే ముందే ఆ రోజులు చూసుకుని ఆదివారానికి ఊరు చేరేలా ఏర్పాటు చేసుకోవాలి. పూటకు మించి తీసుకోవద్దు. డబ్బుకు వెనుకాడనివారు వ్యక్తిగత శిక్షకుడిని పెట్టుకోవచ్చు. భాష ఇబ్బంది లేదు, ఇక్కడివారు మాట్లాడేది జర్మన్ మాండలికమైనా శిక్షకులకు ఇంగ్లిష్ వస్తుంది.

మొదటి ఉదయం సున్నెగ్గా రైలెక్కండి. ఇది కొండ లోపలి సొరంగంలో నిటారుగా సాగి, కొద్ది నిమిషాల్లోనే 2,288 మీటర్ల ఎత్తున ఎండలోకి తీసుకువచ్చి దింపుతుంది. అక్కడ లైజీ సరస్సు పక్కన కొత్తవారి కోసం మైదానం ఉంది. నిలబడితే చాలు పైకి మోసుకుపోయే కదిలే పట్టీ అందులోనే ఉంటుంది. మొదట నేర్పేది ఆగడం. స్కీల ముందు కొసలను దగ్గరికి తెచ్చి, వెనక కొసలను విడదీసి, మడమలతో బయటికి నెడితే లోపలి అంచులు మంచును గీకుతూ వేగాన్ని తగ్గిస్తాయి. శరీరం భయంతో వెనక్కి వాలాలని చూస్తుంది, అలా వాలితే స్కీలు ముందుకు జారి అదుపు తప్పుతాయి. మోకాళ్లు వంచి, పిక్కల ఎముకను బూటు నాలుకకు ఆనించి, చేతులు ముందు పెట్టి, చూపు కాళ్ల మీద కాకుండా వెళ్లవలసిన వైపు నిలపాలి. మలుపు తిరగడానికి బయటి కాలి మీద బరువు మోపితే చాలు, భుజాలు తిప్పనక్కరలేదు. పడబోతున్నామని తెలిస్తే ప్రతిఘటించకుండా పక్కకు, తుంటి మీదికి కూలబడండి. లేచేటప్పుడు స్కీలను వాలుకు అడ్డంగా పెట్టుకోకుండా ఎంత గింజుకున్నా లేవలేరు.

సాయంత్రం కొత్తవారు ఊళ్లోకి స్కీ మీద దిగాలని ఆశపడకండి, వచ్చిన రైలులోనే దిగిపోండి. అలసిన కాళ్లు, గట్టిపడిన మంచు, ఇంటిముఖం పట్టిన జనం మూడూ కలిసేది అప్పుడే.

దారుల రంగులు చూసుకోండి: నీలం తేలిక, ఎరుపు మధ్యరకం, నలుపు కష్టం. జెర్మాట్‌లో పసుపు గుర్తులున్న దారులు కూడా ఉన్నాయి. వాటిని యంత్రాలతో చదును చేయరు. పసుపు రంగు చూసి తేలిక దారి అనుకోవడం ప్రమాదం. అంతర్జాతీయ స్కీ సమాఖ్య నియమాల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది, కింద ఉన్నవారికి పై నుంచి వచ్చేవారు దారి వదలాలన్నది. మీరు ఆగవలసి వస్తే దారి అంచున, పై నుంచి వచ్చేవారికి కనిపించే చోట ఆగండి. తాళ్లు కట్టి మూసిన దారిలోకి ఎవరి అడుగుజాడలు కనిపించినా వెళ్లవద్దు, మంచుచరియలు విరిగిపడే ముప్పు వంటిది ఉన్నందుకే దాన్ని మూసి ఉంటారు.

కొంత పట్టు వచ్చినవారు మాటర్‌హార్న్ గ్లేసియర్ ప్యారడైజ్‌కు వెళ్లవచ్చు. 3,883 మీటర్ల ఎత్తున ఉన్న ఆ కేబుల్ కారు స్టేషను యూరప్‌లోకెల్లా ఎత్తైనది. సముద్రతీరం నుంచి వచ్చినవారికి అక్కడ నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. చేరిన మరునాడే పోకుండా రెండు మూడు రోజులు ఆగండి. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవారు బయలుదేరే ముందే వైద్యుడిని అడగండి. అక్కడి నుంచి ఇటలీ వైపు చెర్వీనియాకు స్కీ మీద దిగి, తక్కువ ధరకు పాస్తా తిని, తిరిగి రావచ్చు. రెండు దేశాల దారులు కలిపి 360 కిలోమీటర్లు. దీనికి రెండు దేశాల లిఫ్టులకూ చెల్లే అంతర్జాతీయ పాసు కొనాలి, పాస్‌పోర్టు జేబులో ఉండాలి, తిరుగు లిఫ్టుల ఆఖరి వేళ కచ్చితంగా తెలిసి ఉండాలి. గాలి ఎక్కువైతే పై లిఫ్టులు ఆపేస్తారు. అప్పుడు ఇటలీలో చిక్కుకుంటే రోడ్డు మీదుగా కొండలను చుట్టి రావడానికి గంటలు పడుతుంది, టాక్సీ ఖర్చు గుండె దడ పుట్టిస్తుంది. వాతావరణం మీద అనుమానం ఉన్న రోజు ఇటలీ పాస్తా మీద ఆశ వదులుకోండి.

భోజనం

కొండమీది మధ్యాహ్న భోజనానికి బల్ల ముందుగా చెప్పి పెట్టుకోవాలి. రద్దీ కాలంలో పేరున్న చోట్లకు చాలా రోజుల ముందే, కొన్నిచోట్ల వారాల ముందే. జెర్మాట్‌లో ఇందుకు ప్రసిద్ధి గాంచినది సున్నెగ్గాకు దిగువన ఉన్న ఫిండెల్న్ అనే చిన్న పల్లె. ఎండకు నల్లబడిన లార్చ్ కలప ఇళ్లు, వాటి మధ్య షే వ్రోనీ, ఫిండ్లర్‌హోఫ్ వంటి రెస్టారెంట్లు, ఎదురుగా అడ్డేమీ లేకుండా మాటర్‌హార్న్. పాత ధాన్యపు కొట్లను చూడటం మరవకండి: ఎలుకలు ఎక్కకుండా ప్రతి గుంజ తల మీద గుండ్రని రాతి పలకను పెట్టి, దాని మీద గదిని నిలబెట్టారు. స్కీయింగ్ రానివారు సున్నెగ్గా నుంచి నడకదారిన దిగి వచ్చి, పాఠం ముగించుకున్న మీతో భోజనం దగ్గర కలవవచ్చు. ఫురీకి దిగువన ఉన్న జుమ్ సే పల్లెలోనూ ఇలాంటి పేరున్న భోజనశాల ఉంది. వంటశాలలు చాలాచోట్ల రెండు దాటాక మూసేస్తారు. మన అలవాటు ప్రకారం మూడింటికి వెళితే సూపు, కేకుతో సరిపెట్టుకోవాలి.

ఏమి తినాలన్నదానికి నా మొదటి జవాబు రాక్లెట్. ఇది వాలే సొంత వంటకం. పెద్ద చక్రంలాంటి చీజును అడ్డంగా రెండుగా కోసి, ఆ కోసిన ముఖాన్ని మంటకు గానీ వేడి కడ్డీకి గానీ దగ్గరగా పెడతారు. పైపొర బుడగలెత్తి కారడం మొదలుకాగానే వడ్డించే మనిషి చీజును వంచి, కత్తి వెనక వైపుతో ఒక్క ఊపున కరిగిన పొరను వేడి పళ్లెంలోకి గీకుతాడు. పక్కన తొక్కతో ఉడికించిన చిన్న బంగాళదుంపలు, పుల్లని దోసకాయ ముక్కలు, చిన్న ఉల్లిపాయలు, పైన మిరియాల పొడి. పళ్లెం ఖాళీ అయ్యాక మళ్లీ గీకి తెస్తారు. ఆ పులుపు, మిరియాల ఘాటు ఉండటం వల్లనే కాబోలు, కొత్త వంటకమంటే ముఖం తిప్పుకునే మన పెద్దవాళ్లకు కూడా ఇది నచ్చుతుంది.

ఫాండ్యూ సంగతి వేరు. గ్రుయేర్, వాష్‌రాన్ చీజులను తెల్ల వైనులో కరిగించి, తరచుగా చెర్రీ సారాయి కూడా చేర్చి, మండుతున్న చిన్న పొయ్యి మీద పెట్టి తెస్తారు. మద్యం ముట్టనివారు ఈ సంగతి తెలుసుకుని ఆర్డరు ఇవ్వాలి, వైను లేకుండా చేయగలరా అని ముందే అడగాలి. రొట్టె ముక్కను పొడుగు ముళ్లచెంచాకు గుచ్చి, అందరికీ కలిపి పెట్టిన ఒకే గిన్నెలో ముంచి తినాలి కనుక ఎంగిలి పట్టింపు ఉన్నవారికి ఇది ఇబ్బందే. ముంచిన ముక్కను మీ పళ్లెంలోకి జార్చుకుని వేరే చెంచాతో తింటే ఎవరూ తప్పుపట్టరు, నిజానికి శుచిగా తినే పద్ధతి అదే. గిన్నె అడుగున మాడిన చీజు పొరను చివర్లో గీకి పంచుకోవడం ఇక్కడి ఆనవాయితీ. అచ్చం మన పాలగిన్నె అడుగు గోకుడు కోసం పిల్లలు పోటీపడినట్టే.

శాకాహారులు మరికొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. సంప్రదాయ పద్ధతిలో చేసే గట్టి చీజుల్లో పాలను విరవడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. కచ్చితమైన నియమం ఉన్నవారికి రాక్లెట్, గ్రుయేర్ రెండూ పనికిరావు. బంగాళదుంప తురుముతో పెనం మీద కాల్చే రోష్టిలో, బార్లీ సూపులో పంది మాంసపు ముక్కలు తరచుగా ఉంటాయి. జర్మన్‌లో దాన్ని ష్పెక్ అంటారు, "ఓనే ఫ్లైష్, ఓనే ష్పెక్" అని చెబితే మాంసం వద్దన్న సంగతి స్పష్టమవుతుంది. వాలే పళ్లెం పేరుతో వచ్చే పలుచని ఎండు మాంసపు ముక్కల్లో గొడ్డు మాంసమే ప్రధానం. బంగాళదుంప, చీజు, లీక్ (ఉల్లికాడల లాంటి కూర), ఆపిల్‌లను పిండి పొరల మధ్య మూసి కాల్చే వంటకం ఒకటి ఉంది, దాని పేరు కలరా. పేరుకు భయపడకండి, చాలాచోట్ల అది శాకాహారమే. బంగాళదుంపలు, మాకరోని, చీజు కలిపి ఉడికిన ఆపిల్ గుజ్జుతో ఇచ్చే ఆల్ప్లర్‌మగ్రోనన్ పిల్లలకు తప్పక నచ్చుతుంది. ఇక్కడి రై రొట్టె గట్టిగా, కాస్త పుల్లగా ఉంటుంది.

వైను తాగేవారికి వాలే స్విట్జర్లాండ్‌లోకెల్లా పెద్ద ద్రాక్ష ప్రాంతమని చెప్పాలి. రాక్లెట్‌తో ఫాండాన్ అనే తెల్ల వైను మామూలు జోడీ. విస్ప్ దగ్గరి విస్పర్‌టెర్మినెన్ గ్రామంలో సుమారు 1,150 మీటర్ల ఎత్తు దాకా ఉన్న తోటల్లో పండే హైడా ఇంకా ప్రత్యేకమైనది. కానీ మధ్యాహ్నం తాగినవారు తిరిగి స్కీ కట్టకుండా లిఫ్టులో దిగండి. తాగనివారికి వేడి బ్లాక్ టీ ఇస్తారు, బరువైన చీజు మీద అది హాయిగా ఉంటుంది.

సర్వీసు చార్జీ బిల్లులోనే కలిసి ఉంటుంది, నచ్చితే చిల్లర పైకి సరిచేసి ఇస్తే చాలు. నీళ్లకు కూడా డబ్బు పడుతుంది కనుక సీసా వెంట ఉంచుకుని వీధి కుళాయిల దగ్గర నింపుకోండి, కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగవచ్చు.

స్కీయింగ్ లేని రోజు

ఒక్క రోజైనా కాళ్లకు విశ్రాంతి ఇచ్చి గోర్నర్‌గ్రాట్ రైలు ఎక్కండి. 1898లో మొదలైన ఈ రైలు స్విట్జర్లాండ్‌లో మొదటి ఎలక్ట్రిక్ పళ్లపట్టా రైలు. అరగంటకు పైగా ఎక్కి 3,089 మీటర్ల దగ్గర దింపుతుంది, ఎక్కేటప్పుడు కుడి వైపు కూర్చుంటే మాటర్‌హార్న్ కనిపిస్తుంది. స్కీ పాసు ఉన్నవారికి ఇది అందులోనే చేరి ఉంటుంది. మిగతావారు స్విస్ ట్రావెల్ పాసు చూపితే సగం ధర. రోటెన్‌బోడెన్‌లో దిగి రీఫెల్‌బెర్గ్ దాకా చెక్క బండి మీద జారుతూ రావచ్చు. స్కీ నేర్చుకోలేనన్నవారికి మంచు మీద జారే సరదా తీరేది దీనితోనే. ఊళ్లోని సమాధి తోట కూడా చూడదగినదే. 1865 జూలై 14న బ్రిటిష్ పర్వతారోహకుడు ఎడ్వర్డ్ వింపర్ బృందం తొలిసారి మాటర్‌హార్న్ ఎక్కి దిగుతుండగా ఏడుగురిలో నలుగురు మరణించారు, వారిలో కొందరి సమాధులు అక్కడ ఉన్నాయి.

తిరుగు ప్రయాణం

స్కీలు, బూట్లు చివరి సాయంత్రమే అప్పగించేయండి. దుకాణం తెరిచేదాకా ఉదయం కూర్చుంటే రైలు తప్పుతుంది. అంతకన్నా ముఖ్యం: తిరుగు విమానం ఉన్న రోజే జెర్మాట్ నుంచి బయలుదేరకండి. భారీ మంచు పడితే మంచుచరియల భయంతో రైలు, రోడ్డు రెండూ మూసేస్తారు. 2018 జనవరిలో సుమారు 13,000 మంది యాత్రికులు ఊళ్లోనే చిక్కుకుపోగా కొందరిని హెలికాప్టర్లలో తరలించారు. ముందు రోజే లోయ దిగి విస్ప్‌లోనో జ్యూరిక్‌లోనో రాత్రి గడపండి. విమానం టికెట్ తేదీ మార్చుకునే వీలున్నదై ఉంటే మంచిది. ఫ్లాటులో వండుకునేవారు రెండు పూటలకు సరిపడా బియ్యం, పప్పు చివరిదాకా మిగిల్చి ఉంచుకోండి.